మూడో వంత: షెఫీల్డ్ ఫోక్ క్లబ్బుల్లో మా ఇద్దరి జట్టు, ఒక కేస్ స్టడీ

మర్యాదకి కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో ఇంగ్లండులో ఒక్కసారి పాడినా తెలిసిపోతుంది. అందరివీ ఒకేసారి మొదలవుతాయి, ఒకేసారి ఆగిపోతాయి. నేనూ మా వదినా 2022 అక్టోబర్ నుంచి 2024 మే దాకా షెఫీల్డ్ చుట్టుపక్కల ఫోక్ క్లబ్బుల్లో 26 సార్లు పాడాం. అందులో మొదటి 11 సార్లు మాకు దక్కినవి ఆ చప్పట్లే. పన్నెండోసారి నుంచి పరిస్థితి మారింది. ప్రతి రాత్రీ ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను కాబట్టి ఏం మార్చాక మారిందో, ఏది మార్చినా ఫలితం లేకపోయిందో కాస్త తేదీలతో సహా చెప్పగలను. మేం కళాకారులం కాదు. డబ్బు తీసుకోం, ఎవరూ ఇవ్వరు కూడా. విదేశంలో ఉండి, ఒక వాయిద్యమో నాలుగు జానపదాలో చేతిలో ఉండి, "మన పాట వీళ్ళకేం అర్థమవుతుంది" అని ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఎవరం

నాది విజయనగరం. మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన చోటు అది. ఆ మాట ఊళ్ళో అందరూ గుర్తుచేసేవారు, నా వాయింపు విన్నాక ఇంకొంచెం గట్టిగా గుర్తుచేసేవారు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. వదినది సిద్దిపేట వైపు పల్లె, ఆసుపత్రిలో నర్సు. సంగీతం ఎక్కడా నేర్చుకోలేదు. నాయనమ్మ దగ్గర పట్టిన బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, దంచుడు పాటలు ఆమెకి ఎన్ని వచ్చో ఆమెకే తెలీదు. పొలం అవతలి గట్టు దాకా వినిపించేలా పెరిగిన గొంతు. మైకు అవసరం లేదు. మైకు ఇస్తే ప్రమాదం.

అన్నయ్య పాడడు. కారు నడుపుతాడు.

ఫోక్ క్లబ్ అంటే

తెలియనివాళ్ళకి ఇది ముందు చెప్పాలి, ఎందుకంటే మేం మొదట్లో దీన్నే తప్పుగా అర్థం చేసుకున్నాం. క్లబ్ అనగానే మనకి పేకాట క్లబ్బో, డాన్సు క్లబ్బో గుర్తొస్తుంది. ఇది పబ్‌లో పైగదో వెనకగదో. వారానికో నెలకో ఒక రాత్రి. పాతిక ముప్ఫై కుర్చీలు. వచ్చేవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు, 1960ల్లో కుర్రాళ్ళుగా ఇక్కడి జానపద పాటల ఉద్యమంలోకి వచ్చి ఇప్పటికీ వదలనివాళ్ళు. రెండు రకాల రాత్రులుంటాయి. గెస్ట్ నైట్ రోజు పేరున్న గాయకుడెవరో వస్తాడు. ఆయన ముందు మాలాంటి ఊరివాళ్ళు ఒకటి రెండు పాటలు పాడతారు. దాన్ని ఫ్లోర్ స్పాట్ అంటారు. మధ్యలో విరామం, రాఫుల్ టికెట్ల లాటరీ. రెండో రకం సింగరౌండ్. గదిలో వరసగా ఒకరి తర్వాత ఒకరు పాడాలి, పాడలేకపోతే "పాస్" అనాలి. స్టేజీ ఉండదు, మైకు ఉండదు. ఎంసీ అనే ఆయన పేరు పిలుస్తాడు, లేచి పాడి కూర్చోవాలి.

సెషన్ వేరు. పబ్ కింది హాల్లో ఒక మూల బల్ల చుట్టూ కూర్చుని ఫిడిళ్ళు, పిల్లనగ్రోవి లాంటి విజిళ్ళు, చేతిలో పట్టుకునే తిత్తి పెట్టెలు మెలోడియన్లు, కాన్సర్టినాలు కలిసి నాట్యపు ట్యూన్లు వాయిస్తారు. అక్కడ ప్రేక్షకులు లేరు. పక్క బల్ల మీద ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మాట్లాడుకునేవాళ్ళు ఉంటారు, అంతే. మా కష్టాలు రెండుచోట్లా వేరువేరు. ఈ కేసులో ఎక్కువ భాగం క్లబ్ గురించే. సెషన్ సంగతి చివర కొంచెం చెబుతాను, అక్కడ మేం గెలవలేదు కాబట్టి.

ఇద్దరి జట్టుకి ఈ దేశంలో ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. 2005 నవంబర్ దాకా ఇంగ్లండు, వేల్స్‌లలో పబ్‌లో ఇద్దరు దాకా పాడితే వినోదపు లైసెన్స్ అక్కర్లేదు, మూడో మనిషి చేరితే కావాలి. "టూ ఇన్ ఎ బార్" అనేవారు. కొత్త లైసెన్సింగ్ చట్టం అమల్లోకి వచ్చి ఆ మినహాయింపు పోయింది. చిన్న పబ్‌ల గగ్గోలు తర్వాత 2012లో లైవ్ మ్యూజిక్ చట్టం వచ్చి, ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా మైకు లేని పాటకి మళ్ళీ దారి ఇచ్చింది. ఇది ఒక ముసలాయన బీరు తాగుతూ చెప్పాడు. "ఇద్దరైతే పాట, ముగ్గురైతే నేరం" అని నవ్వాడు. నాకు అప్పుడే బుర్రకథ గుర్తుకు రావాల్సింది. రాలేదు.

మొదటి పదకొండు సార్లు

మూడుసార్లు ఇంగ్లీషు జానపదాలు పాడాం. వాళ్ళ ఊళ్ళో వాళ్ళ పాట పాడితే సంతోషిస్తారని నా ఆలోచన. రెండు వారాలు యూట్యూబ్ పెట్టుకుని వదిన మాటలు బట్టీ పట్టింది. తప్పు లేకుండా పాడింది. చప్పట్లు. విరామంలో ఒకావిడ వచ్చి "చాలా బాగా నేర్చుకున్నారు" అంది. బడి పిల్లలకి చెప్పే మాట అది. వదినకి అర్థమైంది, నాకు కాలేదు.

మూడోసారి రాఫుల్ టికెట్లమ్మే ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు, మీ ఇంట్లో పాటలు లేవా అని. తర్వాత తెలిసింది, ఇది ఆయన సొంత అభిప్రాయం కాదు, ఇక్కడి ఉద్యమంలో పాత వాదన. లండన్‌లో ఎవాన్ మెక్‌కాల్ అనే జానపద గాయకుడు నడిపిన క్లబ్బులో ఎవరి భాష పాట వాళ్ళే పాడాలని ఒక నియమం పెట్టుకున్నారు. అమెరికా పాటల్ని అమెరికా యాసలో అనుకరించే లండన్ కుర్రాళ్ళ మీద చిరాకు కొద్దీ పుట్టిన నియమం. దాని మీద దశాబ్దాలు తగువులాడుకున్నారు. నాకు ఏ నియమం మీదా ప్రేమ లేదు గానీ ఈ ఒక్క విషయంలో అది మాకు మేలే చేసింది.

తర్వాత ఎనిమిదిసార్లు తెలుగే పాడాం. కానీ ఎలా? కచేరీలా. నేను చాప పరుచుకుని నేల మీద కూర్చున్నాను, కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తల పాదం మీద ఆనించి. వదిన పక్కన కూర్చుంది. శృతి చూసుకోవడానికి ఒక నిమిషం. ఆలాపన లాంటిది ఒక నిమిషం. తర్వాత ఆరు చరణాలు, చరణానికీ చరణానికీ మధ్య నా వయొలిన్ విన్యాసం. మొత్తం ఎనిమిది నిమిషాలు. ఆ గదిలో మూడో వరస నుంచి చూసేవాళ్ళకి మేం కనపడనే లేదు, నా జుట్టు తప్ప. కార్పెట్ మీద బీరు మరకల వాసన మాత్రం నాకు బాగా దగ్గరగా తెలిసింది.

చప్పట్లు. "అందంగా ఉంది." "చాలా ప్రశాంతంగా అనిపించింది." దంచుడు పాట విని ప్రశాంతంగా ఉందన్నారంటే తప్పు వాళ్ళది కాదు.

పదకొండో రాత్రి కారులో వదిన ఒక మాట అంది. "తమ్మీ, వాళ్లు మనల్ని సూస్తున్నరు. పాడుతలేరు."

"వాళ్ళకి తెలుగు రాదు కదా వదినా."

"మా నాయనమ్మ పక్కన నిలబడినోళ్లకు అన్ని పాటలు వచ్చా? ఉయ్యాలో అనుడు వస్తే సాలు."

ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఆరునెలలు పట్టింది. దీన్ని రోగ నిర్ధారణ అనుకుంటే, నర్సు చేసింది, టెస్టర్ చెయ్యలేదు.

ఏం లోపించింది

అప్పటిదాకా నేను చూసినా పట్టించుకోనిది ఒకటుంది. మిగతా ఫ్లోర్ సింగర్లు పాడేటప్పుడు గది ఊరికే కూర్చోదు. కోరస్ రాగానే ముప్ఫై మందీ అందుకుంటారు. ఎవరో పెద్దగా గొంతు లేని పెద్దమనిషి లేచి వణుకుతూ ఓడ పాట ఎత్తుకుంటాడు. ఆయన ఒక లైను అంటాడు, గది ఒక లైను అంటుంది. తెరచాప తాళ్ళు లాగేటప్పుడు ఎక్కడ బలం పడాలో అక్కడ ఊనిక పడేలా కట్టిన పాటలవి. మన విశాఖ తీరంలో జాలరోళ్ళు వల లాగుతూ అనే "హైలెస్సా"కీ దీనికీ తేడా నీళ్ళలోనే ఉంది. రెండో చరణానికి ఆయన గొంతు ఎలా ఉందన్నది ఎవరికీ గుర్తుండదు. ఆ పాట గదిదైపోతుంది.

మన జానపదమూ అలాగే కట్టింది కదా. బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివరా "ఉయ్యాలో" ఊరికే లేదు, చుట్టూ తిరిగేవాళ్ళు అందుకోవడానికి ఉంది. దంచుడు పాటలో "సువ్వి" రోకలి పడే చోటు. మా వైపు జముకుల కథలోనూ వంత లేకుండా కథ నడవదు. బుర్రకథ సంగతి చెప్పనే అక్కర్లేదు. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకరు లోకం సంగతులు, రాజకీయం మాట్లాడితే ఇంకొకరు హాస్యం. "తందాన తాన" లేకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే సందు కూడా ఉండదు. మామూలు మాటల్లో మాత్రం "వంత పాడటం" అంటే తిట్టు. ఎందుకయిందో గానీ అన్యాయం.

మేం వంతని తీసేసి, దాని స్థానంలో నా వయొలిన్ పెట్టాం. చరణం చివర గది అందుకోవాల్సిన ఖాళీని నేను గమకాలతో, అంటే స్వరాన్ని ఊపే అలంకారాలతో, నింపేశాను. అదీ అసలు జబ్బు. బుర్రకథకి ముగ్గురు కావాలి, మేం ఇద్దరం. మూడో మనిషి ఎదురుగా కుర్చీల్లో ఉన్నాడు, వాడికి మేం పని ఇవ్వలేదు.

అర కట్టె

వైద్యం మొదలుపెట్టింది మాత్రం శృతి దగ్గర. వదిన గొంతు ఐదున్నర కట్టె (మనం ఆధార శృతిని కొలిచే లెక్క) దగ్గర హాయిగా ఉంటుంది. అంటే పాశ్చాత్య లెక్కలో జీ షార్ప్. నేను ఎప్పుడూ వయొలిన్ నాలుగు తీగల్నీ అక్కడికే సపసప, అంటే షడ్జం పంచమం షడ్జం పంచమం, చేసుకునేవాణ్ణి. ఇక్కడి వాయిద్యాల ప్రపంచం డీ, జీ అనే రెండు స్వరాల చుట్టూ తిరుగుతుంది. టిన్ విజిల్ ఎక్కువగా డీ, మెలోడియన్ ఎక్కువగా డీ-జీ. జీ షార్ప్ ఎత్తుకుంటే మెలోడియన్ ఆయన పెట్టె మూసేసి ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. గిటార్ వాళ్ళు కాపో అనే తీగలు నొక్కే క్లిప్పు పెట్టుకుని సర్దుకుంటారు, మిగతావాళ్ళకి ఆ వీలు లేదు. అంటే పక్కన కూర్చుని మెల్లగా కలపాలని ఉన్నవాళ్ళని కూడా మేమే బయటికి పంపేశాం, తెలీకుండా.

అర కట్టె దించి ఐదు చేశాం. వదిన మొదటి వారం సణిగింది, రెండో వారానికి మరిచిపోయింది. దీనివల్ల ఇంకో లాభం నేను ఊహించలేదు. "ఉయ్యాలో" వాలేది షడ్జం మీద. ఆ స్వరం అక్కడి ఆడవాళ్ళకి కొంచెం కింద, మగవాళ్ళకి కొంచెం పైన, ఇద్దరికీ అందే చోట పడింది. ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు.

ఐదు కట్టెకి సపసప అంటే కింది రెండు తీగలు పాశ్చాత్య శృతిలో ఉన్నట్టే ఉంటాయి, పై రెండు ఒక్కో మెట్టు దిగుతాయి. జీ, డీ, జీ, డీ. ఇది చూసి సింగరౌండ్‌లో ఒక ఫిడిల్ ఆయన "ఓ, క్రాస్ ట్యూనింగ్" అన్నాడు. అమెరికా కొండప్రాంతాల పాత ఫిడిల్ వాళ్ళు ఏ, ఈ, ఏ, ఈ అని పెట్టుకుంటారట. పాత స్కాట్లాండ్ ఫిడిల్ వాళ్ళలోనూ ఉందట. అది మన లెక్కలో ఆరు కట్టెకి సపసప. నేను ఇంతకాలం కర్ణాటక సంగీతం సొంత ఆస్తి అనుకున్న పద్ధతి ఎవరెవరి ఇళ్ళలోనో ఉంది. ఆ రాత్రి ఆయనా నేనూ ఒకరి వాయిద్యం ఒకరు తీసుకుని చూసుకున్నాం. అన్నయ్య కారు హారన్ కొట్టేదాకా.

చాప మానేశాను. ఇష్టంగా కాదు. భుజం మీద ఆనుకునే దిండు ఒకటి కొని, గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయించడం నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. కింద కూర్చున్నప్పుడు వయొలిన్ భారం పాదం మోస్తుంది, ఎడమ చెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది. నిలబడితే ఆ చెయ్యి సగం పట్టుకోవడానికే పోతుంది. నా జారుళ్ళు సగం పోయాయి. పాటకి నష్టమేమీ రాలేదు. నా అహంకారానికి వచ్చింది.

గదికి వంత నేర్పడం

మొదటి ప్రయత్నం చెడింది. పన్నెండోసారి వెళ్తూ, వంత మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేసి ముప్ఫై కాగితాలు పంచాను. అందరూ కళ్ళజోళ్ళు వెతుక్కుని కాగితంలోకి వంగారు. వంగిన మెడలోంచి ఏం శబ్దం వస్తుంది? వదిన లెక్క ప్రకారం ఏడుగురు పాడారు. లెక్క ఎప్పుడూ ఆమెదే, ఎదురుగా నోళ్ళు కనిపించేది ఆమెకే. అయినా ఏడు. అంతకుముందు సున్నా. పాట అయ్యాక చప్పట్లు ఒకేసారి ఆగలేదు, అటొకటి ఇటొకటి చిటపటలాడుతూ ఆగాయి. ఆ తేడా నేను ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నాను, రెండుసార్లు గీత గీసి.

పదమూడోసారి నుంచి కాగితాలు లేవు. పద్ధతి వదిన కుదిర్చింది, పిల్లల వార్డులో పనిచేసిన అనుభవమట. పాట గురించి ముందు ఏమీ చెప్పదు. చేతులు చూపించి ఒక చప్పట్ల వరస కొడుతుంది, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పటిది. గది చప్పట్లు అందుకుంటుంది, అది ఎవరికైనా వస్తుంది. చప్పట్లు నిలదొక్కుకున్నాక "ఉయ్యాలో" అని ఒక్కసారి అని ఆగుతుంది. అర్థం చెప్పదు. వాళ్ళు అంటారు. ఇంకోసారి. మూడోసారికి ఆమె అనదు, నా వయొలిన్ ఆ మూడు స్వరాలు అంటుంది, వాళ్ళు దాని వెంట అంటారు. అంతే, పాట మొదలు. ఈ మొత్తం నలభై సెకన్లు దాటకూడదని మా నియమం. అర్థం చెప్పేది పాట అయ్యాక, ఎవరైనా అడిగితేనే. విరామంలో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు ఊయల నుంచి తంగేడు పూల దాకా చెప్పుకోవచ్చు.

వయొలిన్ పని పూర్తిగా మారింది. ఇప్పుడు నేను చరణం కింద సపలు పట్టి ఉంచుతాను, వంత దగ్గర గదికి దారి చూపిస్తాను. విన్యాసం పాట మొత్తంలో ఒక్కసారి, నాలుగో చరణం తర్వాత, ఎనిమిది ఆవర్తాలు. అది కూడా వదిన నీళ్ళు తాగడానికి.

పదహారోసారికి సగం గది పాడుతోంది. పంతొమ్మిదోసారి జరిగినదానికి నేను సిద్ధంగా లేను. వంత దగ్గర నాకు అపస్వరం వినపడింది. వెనక వరసలో ఎవరో షడ్జం బదులు గాంధారం అంటున్నారు. ఇంకెవరో పంచమం. నా చెవి కర్ణాటకపు చెవి, తప్పు పాడుతున్నారనే అనుకుంది. రెండు ఆవర్తాల తర్వాత వెలిగింది, వాళ్ళు తప్పు పాడట్లేదు, హార్మనీ కడుతున్నారు. ఎవరూ చెప్పకుండా, ఎవరి గొంతుకి తగ్గ మెట్టు వాళ్ళు వెతుక్కుని. ఈ ప్రాంతానికి అది పుట్టుకతో వచ్చిన విద్య. షెఫీల్డ్‌కి పడమటున్న స్టానింగ్టన్, డంగ్‌వర్త్ లాంటి ఊళ్ళ పబ్బుల్లో నవంబర్ మధ్య నుంచి క్రిస్మస్ మర్నాటి దాకా ఊరి కారల్స్, అంటే క్రిస్మస్ పాటలు, పాడతారు. 19వ శతాబ్దంలో చర్చిల్లోకి ఆర్గన్లు వచ్చి చర్చి గ్యాలరీలో నిలబడి పాడే పాత గాయకుల్ని పక్కకి నెడితే, ఆ పాటలు పబ్బులో తలదాచుకున్నాయంటారు. గోడకి ఆనుకుని పైంట్ పట్టుకున్నవాడు కూడా అక్కడ బేస్ పాడతాడు. అలాంటి మనుషులకి "ఉయ్యాలో" దొరికితే ఊరుకుంటారా?

కారెక్కాక వదిన అంది: "ఈళ్లు బతుకమ్మను చర్చిల పెట్టిన్రు తమ్మీ." కోపమో సంతోషమో తేల్చుకోలేకపోయాను. ఇంటి దగ్గర దిగేటప్పుడు తనే పంచమం కూనిరాగం తీస్తోంది.

కల్లు గీసే రాబిన్ హుడ్

పాటకి ముందు మాట గురించి. ఇక్కడి గాయకులు పాటకన్నా ముందుమాట ఎక్కువ చెబుతారు, అదో కళ. మాకు రాదు. ఒక క్లబ్బులో ఎంసీ మమ్మల్ని మూడుసార్లు వరసగా "కాస్త బాలీవుడ్" అని పరిచయం చేశాడు. మొదటిసారి నవ్వాం. మూడోసారి వదిన ఒక చిన్న కార్డు రాసి ఆయన చేతిలో పెట్టింది, రెండే వాక్యాలు: ఏ భాష, ఏ పనిలో పాడే పాట. ఆయన దాన్నే చదివాడు. చెడ్డవాడు కాదు, ఏం చెప్పాలో తెలీక చెప్పాడు. ఇప్పుడు ప్రతిచోటా కార్డు ఇస్తాం.

పెద్ద కథాగేయం విషయంలో మాత్రం ముందుమాట మేమే చెప్పాలి. సర్వాయి పాపన్న కథని బుర్రకథ ఫక్కీలో పదకొండు నిమిషాలకి కుదించుకున్నాం. పాపన్న ఎవరో షెఫీల్డ్‌కి ఎలా చెప్పడం? అదృష్టం ఏమిటంటే ఊరికి వాయవ్యంగా లాక్స్‌లీ ఉంది, రాబిన్ హుడ్ మా ఊరివాడే అంటారు. కొంచెం అవతల హాథర్‌సేజ్ చర్చి ఆవరణలో అతని జతగాడు లిటిల్ జాన్ సమాధి అని ఒకటి చూపిస్తారు. అందుకని వదిన ముందుమాట ఇంగ్లీషులో ఇలా ఉంటుంది: "మీ రాబిన్ హుడ్ విలుకాడు. మావాడు కల్లు గీసేవాడు. అంటే పబ్బుకి సరుకు సప్లై చేసేవాడు." పబ్బులో ఈ మాటకి నవ్వని రాత్రి ఇంతవరకూ లేదు. తర్వాత ఒక్క నిమిషంలో ఖిలాషాపూర్ కోట, 1708లో వరంగల్ మీద దాడి, 1710లో చావు. ఇంకా బీరు అయిపోకముందే తందాన తాన.

ఈ కథాగేయాన్ని 1874లో జె. ఎ. బాయిల్ అనే ఇంగ్లీషాయన ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చువేశాడని చెబితే గదిలో ఒక కదలిక వస్తుంది. వీళ్ళకి పాట ఎవరి నోట దొరికింది, ఎవరు ఎక్కించారు అన్నది పాటంత ముఖ్యం. మనం ఆ వివరం చెప్పం, "జానపదం" అని వదిలేస్తాం.

ఇంకోటి. బుర్రకథలో హాస్య వంత పని నేను చెయ్యలేకపోయాను, నా ఇంగ్లీషు జోకులు నాకే నవ్వు తెప్పించవు. ఇరవై రెండోసారి ముందు వరసలో ఒకాయన పాపన్న కోట కడుతుంటే "ప్లానింగ్ పర్మిషన్ ఉందా?" అని అరిచాడు. వదిన ఆగకుండా "లేదు, అందుకే తల కొట్టేశారు" అంది. గది గొల్లుమంది. అప్పట్నుంచి ఆ ఖాళీలు కావాలనే వదులుతున్నాం.

సెషన్‌లో

ఇక్కడ ఫలితం అంతంత మాత్రం. సెషన్ ట్యూన్ సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు, ఒక్కోటి రెండుసార్లు. మొత్తం మూడుసార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఎవరు మొదలెడితే వాళ్ళ వేగం. కాగితం చూసి వాయించకూడదని ఎవరూ చెప్పరు, చూసినవాణ్ణి చూస్తారు అంతే. జిగ్ అనే నాట్యపు ట్యూన్ లెక్క నాకు సులభంగానే వచ్చింది, మూడేసి అక్షరాల తిశ్రంలో రెండు దెబ్బలు. ఐరిష్ వాళ్ళు వేసే రోల్ అనే అలంకారం మన గమకాలు స్ఫురితాన్నీ ప్రత్యాహతాన్నీ ఒక్క గుక్కలో మింగినట్టుంటుంది, అదీ పట్టుబడింది. పట్టుబడనిది గాంధారం. జీ స్కేలులో ఆ స్వరం దగ్గరికి వెళ్తే నా వేలు దానంతటది ఊగుతుంది, ఇరవై ఏళ్ళ అలవాటు. పది ఫిడిళ్ళు నిటారుగా నిలబెట్టిన స్వరం మీద ఒకడు ఊగితే అది గమకం కాదు, శృతి తప్పడం. ఒకావిడ ఎంతో ప్రేమగా తన ట్యూనర్ నాకు అరువిచ్చింది.

సెషన్‌లో నేను తలెత్తుకున్నది ఒక్క రాత్రి. ఏదైనా మొదలుపెట్టమంటే ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరం ఒకటి ఎత్తుకున్నాను. మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు వాళ్ళు వాయించే వరసలకి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు కదా, వాటిలో ఒకటి బ్రిటిష్ జాతీయ గీతం వరస. వయొలిన్‌ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ఆయన తమ్ముడు బాలుస్వామి ముఖ్యుడు, నేర్చుకున్నదీ ఇంగ్లీషు వాళ్ళ దగ్గరే. నాలుగో స్వరానికే బల్ల చుట్టూ తలలు లేచాయి. ఒకాయన సరదాకి లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, పక్కాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. అది ఎవరు, ఎందుకు కట్టారో చెప్పేసరికి బీర్లు రెండు రౌండ్లు అయ్యాయి. నా వంతు నిమ్మకాయ సోడా వాళ్ళే కొన్నారు.

వదిన సెషన్‌కి రాదు. మాటలు లేని పాట ఆమెకి ఉప్పు లేని పప్పు.

ఖర్చు, ఇంకా తేలనివి

క్లబ్బులో ప్రవేశానికి మూడు నుంచి ఐదు పౌండ్లు. ఫ్లోర్ స్పాట్ ఇచ్చిన రాత్రి కొన్నిచోట్ల తీసుకోరు. తీగలు, భుజం దిండు, పెట్రోలు. రాబడిలో ఒక రాఫుల్ బిస్కెట్ డబ్బా, ఇంకో రాఫుల్‌లో వైన్ సీసా ఉన్నాయి. సీసా వదిన వార్డుకి పోయింది.

తేలనివాటిలో మొదటిది శృతి మార్పు. క్లబ్బుకి జీ-డీ-జీ-డీ, సెషన్‌కి మామూలు శృతి. ఒకే రాత్రి రెండూ ఉంటే తీగలు మధ్యలో అలిసి దిగిపోతాయి. రెండో చవక ఫిడిల్ ఒకటి కొనాలో వద్దో ఆరునెలలుగా ఇంట్లో చర్చ. రెండోది, వంత రుచి మరిగాక మాకు వంత లేని పాటలు పాడబుద్ధి కావట్లేదు. నాయనమ్మ పాటల్లో అప్పగింతల పాట ఒకటుంది. దానికి వంత లేదు, ఒక్క గొంతు పాట. ఇరవై నాలుగోసారి అది పాడితే గది కదలకుండా కూర్చుంది. చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి, తక్కువ వచ్చాయి. నేను దాన్ని నోట్‌బుక్‌లో వైఫల్యం కింద రాశాను. వదిన ఆ మాట కొట్టేసి ఏమీ రాయకుండా వదిలేసింది.

వచ్చే నెల గెస్ట్ నైట్‌లో ఇరవై నిమిషాల సపోర్ట్ స్లాట్ ఇస్తామన్నారు. పోస్టర్ మీద వెయ్యడానికి జట్టు పేరు అడిగారు, మాకు పేరు లేదు. అన్నయ్య "డ్రైవర్ అండ్ కో" అన్నాడు. పాపన్నకి పదకొండు, బతుకమ్మ పాటకి ఐదు పోతే నాలుగు నిమిషాలు మిగులుతాయి, అందులో అప్పగింతల పాట పెడదామని వదిన, వద్దని నేను. అది తేలకముందే నిన్న రాత్రి వాట్సాప్‌లో ఆమె దగ్గర్నుంచి వచ్చింది: "ఆ రోజు నాకు నైట్ డ్యూటీ పడ్డది తమ్మీ. మార్చుకుంటవా అని ఒకామెను అడిగిన. రేపు చెప్తనన్నది."